జానెడు తప్పిన తూటా: పెద్ద జంతువుల వేటలో గురి ఎక్కడ పెట్టాలి?

వేట నేర్పే పటాల్లో ఒక బొమ్మ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. దుప్పి అడ్డంగా నిలబడి ఉంటుంది, దాని ముందుకాలికి కాస్త వెనగ్గా ఒక ఎర్ర చుక్క. అక్కడ కొట్టాలని అర్థం. చుక్క పెట్టిన చోటు సరైనదే. కాకపోతే జంతువు కాగితంలా పల్చగా ఉండదు. దానికి మందం ఉంది, మేస్తూ మేస్తూ కొద్దికొద్దిగా ఒళ్లు తిప్పుతూ ఉంటుంది. తుపాకీ పట్టిన మనిషి గుండె కూడా ఆ సమయంలో మామూలుగా కొట్టుకోదు. ఇన్ని తేడాల మధ్య తూటా సరిగ్గా ఆ చుక్క మీదే పడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి ఒక గురి నైతికమైనదా కాదా అని తేల్చడానికి, అనుకున్న చోట తగిలిన తూటా పెద్దగా పనికిరాదు. జానెడు పక్కకి పోయిన తూటాని చూడాలి. అది ఎక్కడ తగిలింది, ఆ తర్వాత ఆ జంతువు ఎంతసేపు బాధపడింది అన్నదే అసలు లెక్క.

ముందు చావు ఎలా వస్తుందో తెలియాలి. తూటా తగలగానే జంతువు ఎగిరి అవతల పడుతుందనుకోవడం సినిమాల వల్ల వచ్చిన భ్రమ. తూటా ముందుకి ఎంత తోపుతో దూసుకెళ్తుందో, తుపాకీ అంతే తోపుతో వెనక్కి వచ్చి భుజాన్ని తంతుంది. ఆ దెబ్బ తిని మనిషి నిలబడగలుగుతున్నాడంటే, అతనికి రెండు మూడు రెట్లు బరువున్న జంతువు అదే తోపుకి పడిపోవడం కుదరదు. జంతువు పడేది రెండే కారణాలతో. మెదడో వెన్నుపామో ఛిద్రమైతే అక్కడికక్కడే కూలుతుంది. లేదా రక్తం కారిపోయి, మెదడుకి అందాల్సిన రక్తం ఆగిపోయి, స్పృహ తప్పుతుంది. వేటలో ఎక్కువ చావులు ఈ రెండో దారిలోనే వస్తాయి. ఒంట్లో ఉన్న రక్తంలో మూడో వంతుకి మించి పోతే ఏ జంతువైనా ఎక్కువసేపు నిలబడలేదు.

అందుకే గుండెకి సూటిగా తగిలిన దుప్పి కూడా పది పదిహేను సెకన్లు పరుగెత్తగలదు. గుండె ఆగినా మెదడులో, కండరాల్లో అప్పటికే చేరిన ఆక్సిజన్ ఆ కాస్త పరుగుకి సరిపోతుంది. అంతసేపట్లో అది వంద మీటర్లు దాటిపోవచ్చు. కొత్త వేటగాడు దాన్ని చూసి తప్పిపోయిందనుకుంటాడు. నిజానికి తూటా పని అప్పటికే పూర్తయింది.

ఊపిరితిత్తుల వైపే ఎందుకు?

దుప్పి వంటి జంతువు ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు కలిసి పక్కనుంచి చూస్తే సుమారు 20 నుంచి 25 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న చోటుని ఆక్రమిస్తాయి. అంటే జానకి కాస్త అటూ ఇటూ. ఎల్క్, మూస్ లాంటి భారీ జింక జాతుల్లో ఇంకా పెద్దది. ఛాతీ ఎత్తుని మూడు భాగాలు చేసి, కింది భాగం ముగిసే గీత మీద, ముందుకాలి వెనక అంచుని ఆనుకుని గురి పెట్టమని చెప్పడానికి కారణం ఆ చోటు మధ్యలో ఉండటం ఒక్కటే కాదు. చుట్టూ ఏముందో చూడండి. తూటా కాస్త కిందికి పోతే గుండె. ముందుకి పోతే భుజం ఎముక, దాని వెనకే పెద్ద రక్తనాళాలు. పైకి పోతే ఊపిరితిత్తుల పై భాగం, ఇంకా పైకి పోతే వెన్నెముక. ఇన్ని వైపుల తప్పు జరిగినా జంతువు త్వరగానే పోతుంది. చెడ్డ వైపు ప్రధానంగా ఒక్కటే, వెనక్కి. అక్కడ ముందు కాలేయం, దాని తర్వాత పొట్ట, పేగులు. రైఫిల్ పట్టినవాడికి అనుభవజ్ఞులు "తప్పితే ముందుకే తప్పు" అని చెప్పేది అందుకే.

ఇదే కొలతతో తలని చూస్తే వ్యవహారం తారుమారవుతుంది. మెదడుకి తగిలితే అంతకన్నా వేగమైన, నొప్పి లేని చావు లేదు. మాంసం కూడా పాడవదు. తలకి గురిపెట్టేవాళ్లు చెప్పే మాట ఇదే, అందులో అబద్ధం లేదు. కానీ దుప్పి మెదడు పిడికిలి కన్నా చిన్నది. పైగా ఒంట్లో అన్నిటికన్నా ఎక్కువగా, ముందస్తు సూచన లేకుండా కదిలేది తలే. ఈగ వాలితే విదుల్చుకుంటుంది, చప్పుడు వినపడితే చటుక్కున తిరుగుతుంది. నాలుగు వేళ్ల వెడల్పు ముందుకి తప్పిన తూటా దవడని పగలగొడుతుంది. దవడ విరిగిన జంతువు నేల మీద పెద్దగా రక్తం చుక్క కూడా వదలకుండా పారిపోతుంది, మేయలేక, నీళ్లు తాగలేక రోజుల తరబడి చస్తుంది. ఒక గురి మంచి ఫలితం ఎంత మంచిదన్నది కాదు, చెడ్డ ఫలితం ఎంత చెడ్డదన్నది చూడాలంటే ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు. జంతువుల సంఖ్య తగ్గించే పనిని వృత్తిగా చేసేవాళ్లు తలకే కొట్టడం ఉంది. వాళ్లది దగ్గరి దూరం, కదలని ఆసరా, రోజూ చేసే పని. ఏడాదికి వారం రోజులు అడవికి వెళ్లే మనిషి వాళ్లని చూసి వాత పెట్టుకోకూడదు.

మెడ గురి కూడా అంతే. వెన్నుపూసలు మెడలో నేరుగా ఉండవు, వంపు తిరిగి ఉంటాయి. బయటినుంచి చూస్తే అవి ఎక్కడున్నాయో చెప్పడం కష్టం. తప్పితే కండ చీలుతుంది, లేదా శ్వాసనాళం తెగుతుంది.

భుజం పైభాగానికి కొట్టే పద్ధతి గురించి మాత్రం కాస్త ఆగి మాట్లాడాలి. రెండు భుజాల ఎముకలు విరిగి, ఆ దెబ్బ వెన్నుకి కూడా చేరి, జంతువు నిలబడ్డ చోటే కూలుతుంది. ఏటవాలు కొండల్లో, జంతువు పది గజాలు పరుగెత్తినా లోయలో పడిపోయే చోట దీనికి అర్థం ఉంది. భుజం మాంసం పాడవుతుందన్నది చిన్న విషయం. అసలు ప్రమాదం దాని పైన ఉంది. వెన్నెముక పైనుంచి ముళ్లలాంటి ఎముకలు నిలువుగా లేచి ఉంటాయి. తూటా కాస్త ఎత్తుగా పోయి వాటికి మాత్రమే తగిలితే, ఆ అదురుకి జంతువు చచ్చినట్టే పడిపోతుంది. వేటగాడు సంబరపడి తుపాకీ పక్కన పెడతాడు. కాసేపటికి జంతువు లేచి పారిపోతుంది. మెరుపులా కూలిన జంతువు మీద నుంచి తుపాకీ తిప్పకూడదని, రెండో తూటా సిద్ధంగా ఉంచుకోవాలని పాతవాళ్లు చెప్పేది అనుభవం మీద వచ్చిన మాట.

చుక్క కాదు, లోపలి బంతి

చర్మం మీద చుక్కకి బదులు, జంతువు రెండు ముందుకాళ్ల మధ్య, ఛాతీ లోపల ఒక వాలీబాల్ ఉందని ఊహించుకోవడం మేలు. జంతువు ఎటు తిరిగినా ఆ బంతి మధ్యలోంచి తూటా దూసుకెళ్లాలి. అప్పుడు ఆలోచించాల్సింది తూటా లోపలికి వెళ్లే చోటు కాదు, బయటికి వచ్చే చోటు.

జంతువు అడ్డంగా కాక కాస్త అవతలి వైపు తిరిగి నిలబడిందనుకుందాం. ముందుకాలి వెనకే గురి పెడితే తూటా ఒక ఊపిరితిత్తిని గీసుకుని భుజంలోకి పోతుంది. అదే అవతలి వైపు ముందుకాలుని లక్ష్యంగా పెట్టుకుంటే, తూటా ఇవతల పక్కటెముకల మధ్య బాగా వెనగ్గా దిగి, ఏటవాలుగా ప్రయాణించి, బంతి మధ్యలోంచి వెళ్తుంది. విల్లుతో వేటాడేవాళ్లు ఈ కోణం కోసమే ఎదురుచూస్తారు. దారిలో భుజం ఎముక అడ్డం రాదు.

ఇవతలి వైపు తిరిగిన జంతువుతో పరిస్థితి కష్టం. దగ్గర్లో ఉన్న భుజాన్ని ఛేదించుకుని వెళ్లాలి, కాస్త వెనక్కి తప్పినా ఒక ఊపిరితిత్తి, కాలేయం, పొట్ట వరసగా చిల్లులు పడతాయి. ఒక్క ఊపిరితిత్తే దెబ్బతిన్న జంతువు మైళ్లు నడిచిపోగలదు. గట్టి తూటా, దగ్గరి దూరం, స్థిరమైన ఆసరా ఉన్న రైఫిల్‌కి ఇది అసాధ్యం కాదు. బాణానికి మాత్రం వద్దు. నేరుగా ఎదురు నిలబడ్డప్పుడు బంతి ముందున్న దారి ఇంకా ఇరుకు. వెనక నుంచి కొట్టడమైతే, పేగులూ పొట్టా మొత్తం దాటితే గానీ తూటా ఛాతీకి చేరదు. దీన్ని సమర్థించే వాదన ఏదీ నిలబడదు, ఒక్క సందర్భంలో తప్ప. జంతువు అప్పటికే గాయపడి పారిపోతుంటే ఏ కోణంలోనైనా కొట్టాల్సిందే. అప్పుడు తూకం మారిపోతుంది. కొట్టకపోతే దక్కేది క్షేమంగా ఉన్న జంతువు కాదు, ఎక్కడో పొదలో కుళ్లుతూ చచ్చే జంతువు.

చెట్టు మీద మంచె నుంచి కొట్టేటప్పుడు ఈ బంతి లెక్క మరీ ముఖ్యం. జంతువు మంచె కిందికే వచ్చేసిందని సంతోషపడతారు గానీ, నిటారుగా కిందికి దిగే బాణానికి రెండు ఊపిరితిత్తులూ ఒకే గీతలో దొరకవు. ఇంకాస్త దూరం వెళ్లనివ్వడమే నయం.

జాతిని బట్టి బంతి ఉండే చోటు కూడా మారుతుంది. ఉత్తర అమెరికాలో వైట్‌టెయిల్ జింకని కొట్టి అలవాటైనవాళ్లు ఆఫ్రికా వెళ్లి అదే కొలతతో కుడూనో వైల్డ్‌బీస్ట్‌నో కొడితే తూటా వెనక్కి పోతుంది. అక్కడి జంతువుల్లో గుండె, ఊపిరితిత్తులు ఇంకా ముందుకి, కిందికి, దాదాపు ముందుకాళ్ల మధ్యే ఉంటాయి. మూపురం ఉన్నట్టు కనిపించే జంతువుల్లో పై గీతని చూసి ఛాతీ మధ్యని లెక్కగడితే గురి చాలా ఎత్తుకి పోతుంది, ఎందుకంటే ఆ ఎత్తులో కొంత ఎముక ముళ్లూ కండే తప్ప లోపల ఏమీ ఉండదు. అడవి పందిలోనూ గుండె కిందికి, ముందుకి ఉంటుంది. పైగా మగ పంది భుజాల మీద డాలులాంటి మందపాటి పొర. ఎలుగుబంటి సంగతి వేరు. దాని కొవ్వు గాయాన్ని మూసేస్తుంది, బొచ్చు రక్తాన్ని పీల్చేస్తుంది. నేల మీద జాడ దొరకదు.

ఈ విషయంలో అతి పెద్ద పాఠం ఏనుగుది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో దంతాల కోసం ఆఫ్రికాలో తిరిగిన స్కాట్లాండ్ వేటగాడు డబ్ల్యూ.డి.ఎం. బెల్ వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు. ఆ అంకె ఈనాటి వాళ్లకి గొప్పగా అనిపించదు, అనిపించకూడదు కూడా. కానీ వాటిలో అత్యధికం ఆయన చంపింది ఏనుగుకి చాలా చిన్నదనిపించే, 7 మిల్లీమీటర్ల తూటా పేల్చే రైఫిల్‌తో. ఏనుగు పుర్రెని నిలువునా రంపంతో కోయించి, గాలి గదులతో నిండిన ఆ పెద్ద ఎముకల గూడులో చిన్న మెదడు ఎక్కడుందో, ఏ కోణంలో చూస్తే ఎటు జరుగుతుందో ఆయన నేర్చుకున్నాడు. తర్వాత కొందరు బెల్ దగ్గర చిన్న రైఫిల్ ఒక్కటే నేర్చుకుని, కోసిన పుర్రెని మర్చిపోయారు.

అలాగని తూటాకి ప్రాముఖ్యం లేదని కాదు. 1946లో అమెరికన్ వేటగాడు జాన్ నోస్లర్ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక మూస్‌ని కొట్టాడు. గురి సరిగ్గానే ఉంది. కానీ ఒంటికి బురద పట్టిన ఆ భారీ జంతువులోకి ఆయన తూటాలు తగినంత లోతుకి దిగలేదు, పైపైనే చితికిపోయాయి. ఇంటికి తిరిగొచ్చాక తూటా మధ్యలో రాగి అడ్డుగోడ పెట్టి, ముందు సగం విచ్చుకున్నా వెనక సగం చెక్కుచెదరకుండా లోపలికి వెళ్లేలా కొత్తది తయారుచేశాడు. గురి సరైన చోటుకి దారి చూపిస్తుందే తప్ప, ఆ దారిలో చివరిదాకా వెళ్లాల్సింది తూటానే.

దూరం అంటే సమయం

రైఫిల్ ఎంత దూరం కొట్టగలదు అన్న ప్రశ్న అందరూ అడుగుతారు. తూటా అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుంది అని అడిగేవాళ్లు తక్కువ. మామూలు వేట రైఫిల్ తూటాకి 300 మీటర్లు దాటడానికి సుమారు 0.4 సెకన్లు పడుతుంది. కనురెప్ప వేసినంత సమయం. తీరిగ్గా నడిచే జింక ఆ రెప్పపాటులో మూరెడు ముందుకి జరుగుతుంది. ఆగి ఉన్న జంతువు, సరిగ్గా ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో అడుగు వేస్తే చాలు, ఊపిరితిత్తుల మీద పెట్టిన గురి పొట్టలోకి దిగుతుంది. ఇందులో కాల్చినవాడి నైపుణ్య లోపం ఏమీ లేదు. ఎంత శిక్షణ పొందినా ఆ అడుగుని ముందే పసిగట్టలేడు. దీనికి తోడు గంటకి 16 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా వీచే గాలి, అదే దూరంలో సాధారణ 308 తూటాని (0.308 అంగుళాల మందం ఉన్న వేట తూటా) దాదాపు జానెడు పక్కకి నెడుతుంది. దుప్పి ఛాతీలో మనకున్న చోటే అంత. ఇనుప పలక మీద వెయ్యి గజాల దూరం కొట్టడం అద్భుతమైన క్రీడ, సందేహం లేదు. ఇనుప పలక అడుగు వేయదు.

బాణం విషయంలో ఇదే లెక్క దగ్గరి దూరానికే వచ్చేస్తుంది. మంచి కాంపౌండ్ విల్లు (కప్పీలు బిగించిన ఆధునిక విల్లు) నుంచి బాణం సెకనుకి సుమారు 90 మీటర్లు పోతుంది, శబ్దం 340 మీటర్లు. ముప్పై మీటర్ల దూరంలో నారి చప్పుడు జింక చెవికి సెకనులో పదో వంతు లోపే చేరుతుంది, బాణానికి మూడో వంతు పడుతుంది. ఉలిక్కిపడిన జింక పరుగు తీయడానికి ముందు కాళ్లు ముడుచుకుని ఒళ్లు కిందికి దించుతుంది. అప్పటికి బాణం ఇంకా దారిలోనే ఉంటుంది, చివరికి వీపు మీదుగానో వెన్ను దగ్గరో పోతుంది. తల ఎత్తి, చెవులు రిక్కించి ఇటే చూస్తున్న జింక మీద, అది ఎంత దగ్గర్లో ఉన్నా, బాణం వదలకపోవడమే మంచిదని చెప్పడం అందుకే.

చట్టాలు ఈ గొడవని రెండు రకాలుగా పట్టించుకున్నాయి. ఇంగ్లాండ్, వేల్స్‌లో 1991 నాటి జింకల చట్టం పెద్ద జింకలకి వాడే రైఫిల్ గొట్టం లోపలి వెడల్పు 0.240 అంగుళాల కన్నా తక్కువ ఉండకూడదని, తూటా శక్తి 1,700 ఫుట్ పౌండ్లకి తగ్గకూడదని చెబుతుంది. అంటే తుపాకీని కొలుస్తుంది. నార్వేలో మనిషిని కొలుస్తారు. అక్కడ పెద్ద జంతువుల వేటకి వెళ్లాలంటే ఏటా పరీక్ష పాసవ్వాలి, వంద మీటర్ల దూరంలో 30 సెంటీమీటర్ల వలయంలో ఐదుకి ఐదు తూటాలూ పడాలి. ఒక్కటి బయట పడినా ఫెయిలే. వేటకి వెళ్లే ముందు జాడ తీయడంలో ఆమోదం పొందిన కుక్క అందుబాటులో ఉండాలన్న నియమం కూడా ఉంది. ఈ రెండో పద్ధతే అసలు సమస్యకి దగ్గరగా ఉంది. అయినా షూటింగ్ రేంజిలో ప్రశాంతంగా పెట్టిన వలయానికీ, కొండెక్కి రొప్పుతూ, చలికి వేళ్లు కొంకర్లు పోతూ పెట్టే గురికీ చాలా తేడా. నెలల తరబడి ఎదురుచూసిన జంతువు ఎదురుగా కనిపించినప్పుడు వచ్చే టెన్షన్‌ని ఏ పరీక్షా కొలవలేదు. తన చేతికి అడవిలో, మోకాలి మీద కూర్చుని, ఎంత దూరం వరకు జానెడు వలయం దొరుకుతుందో ఎవరికి వాళ్లు నిజాయితీగా తేల్చుకోవాల్సిందే. చాలామంది విషయంలో అది తుపాకీ ప్రకటనలు చెప్పే దూరంలో సగం కూడా ఉండదు.

మందలో ఉన్న జంతువుని కొట్టేటప్పుడు తూటా అవతలికి దూసుకెళ్లి వెనకున్న దానికి తగలొచ్చు. సన్నటి కొమ్మ కూడా తూటా దారి మార్చగలదు. వెలుతురు తగ్గాక రక్తపు జాడ కనిపించదు. వీటిలో ఏది ఎదురైనా ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసేయాలి, వాదన అక్కర్లేదు.

పేల్చిన తర్వాత

తూటా తగిలిన వెంటనే జంతువు చేసే పని, అది తగిలిన చోటుని చాలావరకు చెప్పేస్తుంది. గుండెకో ఊపిరితిత్తులకో తగిలితే వెనక కాళ్లు విసిరి, నేలకి ఆనినట్టు వంగి దూసుకుపోతుంది. పొట్టకి తగిలితే వీపు విల్లులా వంచి, తోక దించుకుని, మెల్లగా నడిచిపోతుంది. నేల మీది రక్తం ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. నురగతో కూడిన గులాబీ రంగు రక్తమైతే ఊపిరితిత్తులు. ముదురు ఎరుపైతే కాలేయం. పచ్చటి నలుసులు, పులిసిన వాసన ఉంటే పొట్ట.

ఇక్కడ వేటలో అతి కష్టమైన తూకం ఎదురవుతుంది. పొట్టకి దెబ్బ తగిలిన జంతువు బాధపడుతోందని తెలిసీ గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. కాలేయానికి తగిలితే మూడు నాలుగు గంటలు, పొట్టకైతే ఎనిమిది గంటలకి పైనే ఆగమని చెబుతారు. ఇది క్రూరంగా అనిపిస్తుంది. కానీ వెంటపడితే అది లేచి, భయంతో మరో రెండు మూడు కిలోమీటర్లు పోయి, ఎవరికీ దొరక్కుండా చస్తుంది. కదిలించకపోతే మొదట ఆగిన పొద దగ్గరే పడుకుని ఉంటుంది. కళ్లెదుట ఉన్నంతవరకు మాత్రం ఆగడం లేదు, వీలైతే వెంటనే రెండో తూటా. ఒక్క తూటాతో పని ముగించానని చెప్పుకోవాలన్న గొప్ప కోసం రెండోది ఆపేవాళ్లు ఉన్నారు. దాని ధర చెల్లించేది జంతువు.

ఆఫ్రికాలో డబ్బు కట్టి వేటాడే చోట్ల ఒక నియమం దాదాపు అంతటా ఉంది. నెత్తురు చుక్క నేల మీద పడితే జంతువు దొరికినా దొరక్కపోయినా దాని రుసుము మొత్తం కట్టాల్సిందే. వ్యాపారం కోసం పెట్టిన నియమమే కావచ్చు, అయినా ట్రిగ్గర్ మీదున్న వేలుని అది ఆపినంతగా ఉపదేశాలు ఆపవు.

జంతువు దొరికాక చర్మం ఒలిచేటప్పుడు చాలామంది తూటా దారిని చూడకుండానే పని ముగించేస్తారు. కాసేపు ఆగి పక్కటెముకల మధ్య చిల్లు నుంచి అవతలి చిల్లు వరకు వేలితో గీత గీసినట్టు చూస్తే, అడ్డంగా నిలబడిందనుకున్న జంతువు నిజానికి ఎంత తిరిగి ఉందో అక్కడ కనిపిస్తుంది. ఎడమ ఊపిరితిత్తి నలిగిపోయి, కుడిది అంచు మాత్రమే తెగి, తూటా కాలేయం మొన మీదుగా బయటికి వెళ్లి ఉండొచ్చు. జంతువు అరవై గజాల్లోనే పడింది కాబట్టి, బయట నుంచి చూసినవాళ్లకి అది మంచి దెబ్బే.